పుట్టింటి డ్రమ్ము

నేను ఒక నీలం డ్రమ్మును. నన్ను ఓడలోంచి రేవులోకి దించిన పొద్దున ఆకాశం మబ్బు పట్టి ఉంది. కురవదు, వెలవదు. బేరం తెగనివాడి మొహంలా అలా వేలాడుతూనే ఉంది. కింద మనుషులు మాత్రం నా బేరం అప్పటికే తెంపేసుకున్నారు.

పుట్టుక గురించి గొప్పగా చెప్పుకోడానికేమీ లేదు. సముద్రాలకు అవతల ఒక చలిదేశంలో కరిగిన ప్లాస్టిక్కును అచ్చులో పోసి గాలి ఊదితే పుట్టాను. నిలబెడితే మనిషి నడుము దాటుతాను. వెడల్పాటి నోరు, దానికో మూత, మూత కదలకుండా ఒక ఇనప పట్టీ. పుట్టగానే నాలో ఒక మందు పోశారు. తాగే మందు కాదు. మందులు తయారుచేసేచోట వాడేది. ఆవిరి తగిలితే ఎంతటివాడైనా తల తిప్పుకోవలసిందే. దాని పని అయిపోయాక మిగిలిన మడ్డిని మళ్ళీ నాలోనే పోసి బిగించారు. ఆ దేశంలో దాన్ని పారబొయ్యాలంటే బోలెడు చట్టాలు, బోలెడు తతంగం. అక్కడివాళ్ళు చాలా శుభ్రమైన మనుషులు. ఇంట్లో చెత్త ఉంటే నిద్ర పట్టదు వాళ్ళకు. అందుకని నన్ను ఓడెక్కించారు. కాగితాల్లో 'మళ్ళీ వాడుకొనే సరుకు' అని రాశారు. అబద్ధమనడానికి లేదు. మళ్ళీ వాడుకున్నారు.

రేవు దాటాక ఒక సరుగుడు తోట వెనక నా కడుపులోది గోతిలో ఒంపారు. ఒంపినవాళ్ళు మూతికి తువ్వాళ్ళు కట్టుకున్నారు, ఒంపించినవాడు కారు అద్దాలు ఎత్తుకున్నాడు. చాకలిసోడా వేసి నన్ను కడిగారు. ఒంటి మీది కాగితాలన్నీ ఊడొచ్చాయి. భుజం దగ్గర ఒక బొమ్మ మాత్రం ఎంత గీకినా ఊడలేదు. ఎర్రగీతల గడిలో ఆకు లేని చెట్టు, దాని పక్కన వెల్లకిలా పడ్డ చేప.

తరవాత పెద్దరోడ్డు పక్కన పాతసామాన్లవాడి కొట్టు ముందు నన్ను వరసలో నిలబెట్టారు. ఈ తీరంలో నీలం డ్రమ్ము లేని ఇల్లు ఉండదు. ట్యాంకరు ఎప్పుడొస్తుందో ట్యాంకరు తోలేవాడికే తెలియదు గనక, వచ్చిన రోజున పట్టి దాచుకోవాలి. దేనికి వాడిన డ్రమ్మని ఎవరూ అడగరు. చింతపండు పెట్టి తోమితే దేవుడి సామాన్లే శుద్ధి అవుతాయి, డ్రమ్ము ఎందుకు కాదని వాళ్ళ లెక్క. వచ్చినవాళ్ళు నా భుజం మీది బొమ్మ చూసి సంతోషించేవారు.

"ఇది చేపల కంపెనీ డ్రమ్మేనే. ఏటీ అవ్వదు" అనేవారు.

"అవును మరి, చేపలదే" అనేవాడు కొట్టువాడు. వాడికి ఏది అడిగితే అదే అవును.

ఆ చేప చచ్చిందని వాళ్ళకు తట్టలేదు. తట్టడానికి కారణమూ లేదు. వలలోంచి తీసి ఇసకలో పోశాక వాళ్ళు చూసే చేపలన్నీ అలాగే పడుంటాయి.

నన్ను కొన్నవాడు లాయరు చోడిపల్లి పోలరాజు. సముద్రపొడ్డు పల్లెలో పుట్టి, పట్నంలో లా చదివి, ఆ పక్క చిన్న పట్నంలో కోర్టు ఉంటే అక్కడ ఇల్లు తీసుకున్నాడు. నల్లకోటు ఉంది. కేసులు పెద్దగా లేవు. కోర్టు ఎదుట చెట్టుకింద అఫిడవిట్లు రాసిచ్చేవాళ్ళలో ఒకడు. అతనికి భార్య వరహాలు, ఒకటో తరగతి చదివే కూతురు లాస్య. మంచినీళ్ళు పట్టుకోడానికని నన్ను కొని ఆటోలో తెచ్చాడు. నేను గడపలో దిగేసరికి వానలు అందుకున్నాయి, కుళాయి బాగానే వస్తోంది. ఎండలు వచ్చినప్పుడు చూద్దామని నన్ను వసారాలో ఒక మూలకు నెట్టారు. అంతలో పోలరాజుకు చదువు మీద మనసు పుట్టింది.

చదువంటే మామూలు చదువు కాదు. అంతర్జాతీయ పర్యావరణ న్యాయశాస్త్రం. పీజీ డిప్లొమా. దూరవిద్యలో. అదేమిటో నాకు మొదట్లో అంతుపట్టలేదు, తరవాత తెలిసింది. విద్య ఒకచోట ఉంటుంది, మనిషి ఇంకొకచోట ఉంటాడు, ఒకరి జోలికి ఒకరు పోరు.

పుస్తకాలు పోస్టులో వచ్చాయి. కట్ట విప్పకముందే కట్టతో ఫోటో తీయించుకున్నాడు. మర్నాడు గుమ్మానికి కొత్త బోర్డు వచ్చింది. పేరు కింద 'పర్యావరణ న్యాయ నిపుణుడు' అని ఆకుపచ్చ అక్షరాలు.

"సదవడం తరవాతేటి?" అంది వరహాలు బోర్డు వైపు చూసి.

"చదువుతాను కదా."

"పెళ్ళికి ముందే ఊయాల కట్టినట్టున్నాది."

పోలరాజు నవ్వి పుస్తకాల కట్ట విప్పాడు. ఇంట్లో బల్ల లేదు. నా మూత నున్నగా ఉంది, ఎత్తు సరిపోయింది. ప్లాస్టిక్ కుర్చీ లాక్కొని, నా నెత్తిన పుస్తకం పరిచి, పొద్దున్నే కోర్టుకు వెళ్ళేముందు చదివేవాడు.

చదివే పద్ధతి చెబుతాను. ప్రతి పాఠం చివరా 'మీ ప్రగతిని సరిచూసుకోండి' అని కొన్ని ప్రశ్నలు, కింద చుక్కల గీతలు ఉండేవి. అతను ముందు పుస్తకం వెనక్కి తిప్పి జవాబులు చూసి, వాటిని చుక్కల మీద రాసి, తరవాత ప్రశ్న చదివేవాడు. ప్రగతి ఎప్పుడూ సరిగ్గానే ఉండేది. అసైన్‌మెంట్లు జిరాక్సు కొట్టులో దొరికేవి, పాతవాళ్ళెవరో రాసినవి. ఒకసారి 'మా ఊరి బొగ్గు గనులలో' అని ఉన్నదాన్ని ఉన్నట్టే దించేశాడు. సముద్రపొడ్డు మనిషికి బొగ్గు గనులేమిటని దిద్దినవాడూ అడగలేదు. మార్కులు బాగానే వేశాడు. ఆదివారాలు స్టడీ సెంటరులో కాంటాక్టు క్లాసులు జరిగేవి. వెళ్ళొచ్చి భార్యకు చెప్పేవాడు: పాఠం చెప్పే సారు ఇదే పుస్తకం చదివారు, మధ్యలో కరెంటు పోయింది, ఉప్మా పొట్లాలు మాత్రం వేడిగా ఉన్నాయి. ఇంత దూరం పోయి దగ్గరయ్యింది ఉప్మాకే.

అయినా గొంతు మంచిది. పైకి చదివితే వీధిలోవాళ్ళు ఆగి వినేవారు. ఒక పొద్దున నా మూత మీద వేళ్ళతో తాళం వేస్తూ ఇలా చదివాడు.

"ఏ దేశమైనను తన ప్రమాదకర వ్యర్థములను వేరొక దేశమునకు పంపదలచినచో, అందుకొను దేశమునకు వాటి స్వభావమును ముందుగా, పూర్తిగా, రాతపూర్వకముగా తెలియజేసి, సమ్మతి పొందవలెను."

ఇంకోసారి చదివాడు, నోటికి వచ్చేదాకా చదివాడు. సంపన్న దేశాలు తమ విషాన్ని పేద దేశాల మీదికి ఎలా తోలేస్తాయో చదివి, నాలుక చప్పరించి, "ఎంత నీచం" అన్నాడు. కాఫీ గ్లాసు నా మీదే ఉంది. నా నెత్తినే పుస్తకం పెట్టుకుని నా కథే చదువుతున్నాడు. ఒక్కసారి తల పక్కకు వంచితే నా భుజం కనబడుతుంది. పుస్తకం చదివేవాడికి పుస్తకం కింద ఏముందో అక్కర్లేదు.

ఎండలు ముదిరాయి. కుళాయి సన్నబడింది.

"ఇంక ఆ డ్రమ్ము కడిగి నీళ్ళు పట్టుకుందునా?" అంది వరహాలు.

"పరీక్షలు అవనీ."

"పరీక్షలయ్యేదాకా దాహం ఆగుతాదేటి? పుస్తకాలు గట్టు మీద ఎట్టుకొని సదువుకోండి."

ఆ రోజు లాస్య బడికి పోకుండా తండ్రి పక్కన నిలబడి పుస్తకంలో బొమ్మలు చూస్తోంది. ప్రమాద చిహ్నాల పాఠం. పుర్రె, మంట, చెయ్యి కాలుతున్న బొమ్మ. పిల్ల ఒకచోట వేలు పెట్టింది.

"నాన్నా, నీ బుక్కులో మన చేప ఉంది."

"మన చేపేమిటే?"

"డ్రమ్ము చేప. చెట్టు కూడా ఉంది చూడు."

పోలరాజు పుస్తకం చూశాడు. తల పక్కకు వంచి నన్ను చూశాడు. మళ్ళీ పుస్తకం చూశాడు. ముందు కాఫీ గ్లాసు తీసి కింద పెట్టాడు. తరవాత పుస్తకం తీశాడు. తరవాత చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. బొమ్మ కింద ఏమి రాసి ఉందో ఈసారి పైకి చదవలేదు.

వరహాలును గుమ్మం దగ్గరికి పిలిచాడు.

"ఆ డ్రమ్ములో నీళ్ళు పట్టకు."

"ఏం?"

"ఏదో మందు డ్రమ్ములా ఉంది."

"ఏదో ఏటి? సదివినోరు మీరే గదా."

"విషం పోసిన డ్రమ్ము."

వరహాలు పిల్లను లాక్కుపోయి సబ్బుతో చేతులు కడిగించింది. వచ్చి, "పారీయండి మరి" అంది.

"ఎక్కడ పారేస్తాను? గుమ్మానికి ఆ బోర్డు పెట్టుకొని, వీధిలో విషం డ్రమ్ము దొర్లించాడంటే కోర్టులో నన్ను బతకనిస్తారా?"

"అమ్మినోడికే ఇచ్చీయండి."

"వాడు తీసుకుంటాడా?"

మధ్యాహ్నందాకా ఆలోచించాడు. ఇలాంటి డ్రమ్మును ఏమి చెయ్యాలో అతని పుస్తకంలో ఒక పాఠమంతా ఉంది. దాన్ని తెరవలేదు. భోజనం చేసి చెయ్యి కడుక్కుంటూ అన్నాడు:

"అప్ప డ్రమ్ము కావాలని ఎప్పట్నుంచో అడుగుతోంది కదా."

వరహాలు కంచం తీస్తున్నదల్లా ఆగింది.

"వాళ్ళకేం కాదులే" అన్నాడతను. "వాడకానికే కదా. అయినా వాళ్ళ ఒళ్ళూ మన ఒళ్ళూ ఒకటి కాదు. ఉప్పునీళ్ళకీ ఎండకీ గట్టిపడిపోయారు."

"సెప్పి ఇస్తారా?"

"చెబుతాను."

"మరైతే సరే" అంది వరహాలు. ఆమె సంగతీ నాకు అప్పుడే తెలిసింది. విషం తన గడప దాటడం ఒక్కటే ఆమెకు కావలసింది. ఆ తరవాతిది అడగవలసినంత మట్టుకు అడిగింది.

ఓడెక్కించినవాళ్ళ మీద నాకున్న అసహ్యం ఆ పూట కొంచెం తగ్గింది. వాళ్ళు ముక్కూ మొహం తెలియనివాళ్ళకు పంపారు.

అప్ప పేరు కొర్లమ్మ. పోలరాజు తోడబుట్టిన పెద్దది. పల్లె చివర, పడవలు లాగే ఒడ్డుకు దగ్గరగా ఆమె ఇల్లు. మొగుడు సోములు వేటకు పోతాడు, ఇద్దరు ఆడపిల్లలు. ఆటోలోంచి నన్ను దించేసరికి ఆమె చేపలు ఎండబెడుతున్నదల్లా చేతులు దులుపుకుని పరిగెత్తుకొచ్చింది.

"ఓలమ్మా, నా తమ్ముడు తెచ్చినాడే" అని నలుగురికీ వినబడేలా అంది. "అడిగిననాడు ఊకొట్టినాడు, మర్సిపోనాడనుకున్నాను. మర్సిపోనేదు."

సోములు నా చుట్టూ తిరిగి ఒకసారి వేలితో కొట్టి చూశాడు. "ఏటి బామ్మర్దీ, పెళ్ళినాడు వాచీ ఎడతానని ఎగ్గొట్టినావు. ఈ డ్రమ్ముతో సరిపెట్టీద్దారనా?"

"నీకు వాచీ ఎందుకయ్యా, ఏటకెళ్ళి ఏలకి ఎప్పుడొచ్చినావు గనక?" అంది కొర్లమ్మ.

లోపలికి పోయి పసుపు కలిపి తెచ్చింది. పుట్టింటినుంచి వచ్చిన సామాను ఏదైనా పసుపు రాయకుండా లోపల పెట్టదట. నా మూతి చుట్టూ రాసింది. భుజం మీద బొమ్మ ఉన్నచోట అందంగా ఉందని అక్కడే కుంకం బొట్లు పెట్టింది. చేప కంట్లో ఒకటి, చెట్టు మొదట్లో ఒకటి. మనుషులు నాకు చేసిన పనులన్నిటిలోకీ నేను సిగ్గుపడ్డది ఆ ఒక్కదానికే.

పోలరాజు గొంతు సవరించుకున్నాడు. ఇప్పుడు చెబుతాడనుకున్నాను.

"వాడకానికి ఉంచుకో అప్పా. తాగడానికి ఎలాగూ బిందెలున్నాయి కదా."

"బిందెలేపాటిరా. ట్యాంకరోడు వారానికోపాలి వస్తే, ఆటితో ఎన్నాళ్ళు ఎల్తాది?"

"వాసన వస్తుందేమో మరి."

"ఎండకెడితే అదే పోతాది." ఆమె అతని చొక్కా మీద పడ్డ పసుపు కొంగుతో తుడిచింది. "ఆదివారం మీరు ముగ్గురూ రావాల. పుట్టింటి సామాన్లో నీళ్ళతోటి మొదట ఒండిన కూడు పుట్టింటోరికే ఎట్టాల. మా అత్త అలగే సేసీది."

"పరీక్షలున్నాయప్పా."

"పరీక్షలోడు తిండి తినొద్దన్నాడేటి?"

ముందుగా, పూర్తిగా, రాతపూర్వకముగా. అతను వచ్చిన ఆటోలోనే వెళ్ళిపోయాడు.

శనివారం ట్యాంకరు వచ్చింది. కొర్లమ్మ రబ్బరు గొట్టం తెచ్చి నా నోట్లో పెట్టింది. నా గోడల్లోకి ఏమి ఇంకిందో, ఏమి మెల్లగా బయటికి దిగుతుందో నాకు తెలుసు. నాకు నోరుంది గాని మాట లేదు. మాట ఉన్నవాడు పట్నంలో కూర్చుని అదే సంగతి మీద పది మార్కుల ప్రశ్నకు జవాబు బట్టీ పడుతున్నాడు. చిన్నపిల్ల గ్లాసు పట్టుకుని వస్తే కొర్లమ్మ దాని చేతి మీద ఒకటేసింది. "మాఁవయ్య తినకుండా ముట్టకూడదు. బిందెలోవి తాగు." ఆ అత్తగారెవరో గాని, ఆమె నియమం ఒక రోజు పిల్లలను కాచింది. పోలరాజు పుస్తకాలన్నీ కలిసి ఆపాటి పని చెయ్యలేదు.

ఆదివారం ముగ్గురూ వచ్చారు. రాకపోతే అప్ప నొచ్చుకుంటుందని వచ్చారు. రావడానికి కావలసిన మొహమాటం ఉంది గాని చెప్పడానికి కావలసిన మాట లేదు. పెరట్లో నా పక్కనే, చూరు నీడలో చాపలు వేసింది కొర్లమ్మ. కంచాలు వరసగా పెట్టింది. అన్నం ఆవిరి కక్కుతోంది. కానాగంతల చేపల పులుసు. తమ్ముడికి తలకాయ ముక్క ఇష్టమని ఏరి అతని కంచంలో వేసింది.

"ఏ నీళ్ళతో వండావప్పా?" అన్నాడు పోలరాజు. మామూలుగా అడిగినట్టే అడిగాడు.

"నీ డ్రమ్ము నీళ్ళతోనే. అన్నమూ ఆటితోనే, పులుసూ ఆటితోనే."

అతని చెయ్యి కంచం అంచు మీద ఉంది. అక్కడే ఉండిపోయింది. వరహాలు మొగుడి మొహం చూసింది, తరవాత తన కంచాన్ని వేళ్ళతో కొంచెం ముందుకు తోసింది. సోములు పులుసు కలుపుతూ వేట కబుర్లు ఏవో చెబుతున్నాడు. లాస్య అన్నంలోకి చెయ్యి పెట్టింది.

పోలరాజు చటుక్కున ఆ కంచం లాగేశాడు.

"దీనికి కడుపు బాగోలేదప్పా. వద్దులే."

"నాకు బాగానే ఉంది నాన్నా" అంది పిల్ల.

"బువ్వ తింటే అదే సర్దుకుంటాది, ఎట్రా" అని కొర్లమ్మ కంచం మళ్ళీ పిల్ల ముందుకు జరిపింది. అతను మళ్ళీ లాగాడు. ఈసారి పులుసు చాప మీద ఒలికింది.

పక్కనే కొర్లమ్మ చిన్నకూతురు అన్నం ముద్ద చేసి పట్టుకుంది. ముద్ద నోటి దగ్గరికి పోతోంది. పోలరాజు అది చూశాడు. చూసి, తన కూతురి కంచాన్ని వీపు వెనక దాచుకుని, నేల వైపు తిరిగాడు.

అతను చూడడమూ కొర్లమ్మ చూసింది, తిరగడమూ చూసింది.

ఆమె ముద్దను పిల్ల చేతిలోంచి లాక్కుంది. పెద్దదాని నోట్లో వేలు పెట్టి చూసింది. ఏమీ లేదు. కొంగుతో ఇద్దరి చేతులూ మూతులూ గట్టిగా తుడిచింది. మరదలు తోసిన కంచం చూసింది. నన్ను చూసింది.

"డ్రమ్ములో ఏటున్నాదిరా?"

సోములు చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"నేను వాడకానికే అని చెప్పాను కదప్పా" అన్నాడు పోలరాజు.

అన్నాళ్ళు చదివిన న్యాయశాస్త్రంలోంచి అతనికి దొరికింది ఆ ఒక్క మాట.

"ఒరే లాయరూ" అంటూ సోములు లేవబోయాడు. కొర్లమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"కూటికాడ గొడవొద్దు. కూకో."

కంచాలన్నీ ఆమే తీసింది. అన్నం కుండ, పులుసు చట్టి కూడా తీసుకుని పెరటి చివరకు పోయి గొయ్యి తవ్వి ఒంపేసింది. కోళ్ళు పరిగెత్తుకొస్తే మట్టిబెడ్డలు విసిరి తోలింది. మట్టి కప్పి, మీద రాయి దొర్లించింది. నన్ను బోర్లించి, అడుగుకు బెజ్జాలు పొడిచి, ఇసక నింపి పడవ కట్టుకొనే గుంజలా పాతెయ్యడం మర్నాటి పని. ఆ రోజు నా వైపు మళ్ళీ చూడలేదు.

లోపల్నుంచి గంజి కుండ తెచ్చింది. రాత్రి బిందె నీళ్ళతో వండి, గంజిలో నాన వేసిన చద్దన్నం. తన ఇంట్లో నలుగురి కోసం ఉంచుకున్నది. వేరే గిన్నెలు తెచ్చి ఏడు వంతులు చేసింది. ఒకరికి ఎక్కువ లేదు, ఒకరికి తక్కువ లేదు. నిప్పుల మీద కాల్చిన ఎండుచేప తుంపి తలా ఒక ముక్క వేసింది. లాస్యకు పెట్టింది. వరహాలుకు పెట్టింది. తమ్ముడి ముందు గిన్నె పెట్టి, ఉల్లిపాయ చితక్కొట్టి పక్కన ఉంచింది.

సోములు తిన్నాడు. పిల్లలు ముగ్గురూ తిన్నారు. వరహాలు తల ఎత్తకుండా తింది. పోలరాజు గిన్నెను రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. కొర్లమ్మ తన గిన్నె ముట్టకుండా అతనికెదురుగా కూర్చుంది. అతను గిన్నె ఎత్తేదాకా చూసింది. ఎత్తాక తనూ ఎత్తింది.